షిన్‌సుకె తనబె: సముద్రంలో కర్బన విషాల జాడ

షిన్‌సుకె తనబె జపాన్‌కు చెందిన పర్యావరణ రసాయన శాస్త్రవేత్త. షికోకు దీవిలోని మత్సుయామ నగరంలో ఉన్న ఎహిమె విశ్వవిద్యాలయం ఆయన పనిచేసిన చోటు. పొలంలో చల్లిన పురుగుమందు, ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసిన నూనె, ఓడకు పూసిన రంగు చివరికి సముద్రంలో ఎక్కడ తేలతాయి, ఏ ప్రాణి ఒంట్లో కూడుకుంటాయి అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. 1970ల చివర్లో పసిఫిక్ డాల్ఫిన్లతో మొదలైన ఆ లెక్క అంటార్కిటికా మంచుకూ, తమిళనాడు వరిపొలాలకూ, బైకాల్ సరస్సు సీళ్ళకూ పాకింది.

"సముద్రంలో కాకిరెట్ట" అన్న మాట తెలుగువాళ్ళకు అలవాటే. అంత పెద్ద నీటిలో ఇంత చిన్న మలినం ఏపాటిది అని దాని భావం. 1960ల దాకా ప్రపంచంలోని పరిశ్రమలూ ప్రభుత్వాలూ నమ్మింది కూడా ఇదే. కరిగి పలచబడిపోయిన విషం లేనట్టేనన్నది అప్పటి ధీమా. ఆ ధీమాకు అంకెలతో గండి కొట్టినవాళ్ళలో తనబె ముఖ్యుడు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఆర్గానిక్ అన్నదానికి మనం సేంద్రియం అంటాం. సేంద్రియ ఎరువు, సేంద్రియ బియ్యం అని వినీవినీ ఆ మాటకు మంచివాసన అంటుకుంది. రసాయన శాస్త్రంలో దాని అర్థం వేరు: కార్బన్ పరమాణువుల గొలుసులతోనో వలయాలతోనో ఏర్పడిన పదార్థం. డి.డి.టి. అనే పురుగుమందు ఆ లెక్కన నిఖార్సయిన ఆర్గానిక్ పదార్థమే! గందరగోళం లేకుండా ఈ వ్యాసంలో వీటిని కర్బన కాలుష్యాలు అంటున్నాం.

నేపథ్యం

తనబె ఎక్కువగా వెంటాడిన పదార్థం పి.సి.బి. పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అన్నది పూర్తి పేరు. రెండు బెంజీన్ వలయాలను కలిపి, వాటి చుట్టూ క్లోరిన్ పరమాణువులు తగిలిస్తే వచ్చే పదార్థమిది. క్లోరిన్లు ఎన్ని, ఏ స్థానాల్లో ఉన్నాయన్నదాన్నిబట్టి 209 రకాలవుతాయి. నిప్పంటుకోదు, కరెంటును ప్రవహించనివ్వదు, ఏళ్ళు గడిచినా పాడుకాదు. 1929లో అమెరికాలో వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యాక ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, రంగులు, కార్బన్ లేని కాపీ కాగితాలు అన్నింట్లోకీ చేరింది. పాడుకాకపోవడం యంత్రానికి వరం. అదే గుణంతో ప్రకృతిలోకి వచ్చినప్పుడు దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి దొరకడం కష్టం.

ఇది ప్రకృతిలో తిరుగుతోందని కనిపెట్టింది స్వీడన్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ యెన్సెన్. డి.డి.టి. కోసం చేపలను, గద్దలను పరీక్షిస్తుంటే రసాయనాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రపు కాగితం మీద ఏదో తెలియని శిఖరాలు పదేపదే కనిపించాయి. అవేమిటో తేల్చడానికి రెండేళ్ళు పట్టింది. 1966లో సమాధానం ప్రకటించేనాటికి తన ఇంటివాళ్ళ తలవెంట్రుకల్లోనూ అదే పదార్థాన్ని చూశాడాయన.

రెండేళ్ళకే జపాన్‌కు అది సొంత దెబ్బ అయింది. 1968లో పశ్చిమ జపాన్‌లో తవుడు నూనె వాడిన వేలమందికి ఒళ్ళంతా మొటిమలు లేచాయి, గోళ్ళు నల్లబడ్డాయి, బిడ్డలు కొందరు నల్లటి చర్మంతో పుట్టారు. నూనె శుద్ధిచేసే మిల్లులో వేడిని అందించడానికి గొట్టాల్లో పారించిన పి.సి.బి. కారి నూనెలో కలిసింది. వేడికి అందులో పుట్టిన ఫ్యూరాన్లనే పదార్థాలు ఇంకా ప్రమాదకరమని తర్వాత తేలింది. ఈ జబ్బును జపాన్‌లో యుషో అన్నారు, నూనె జబ్బు అని. 1972లో ఆ దేశం పి.సి.బి. తయారీ ఆపేసింది. మినమాతలో పాదరసం తెచ్చిన జబ్బునూ, ఆ వెంటే యుషోనూ చూసిన దేశంలో పర్యావరణ రసాయన శాస్త్రం పుస్తకాల్లో చదువుకునే విషయంగా మిగలలేదు. ఎహిమెలో రియో తత్సుకావ అనే ఆచార్యుడు ఈ విషాల మీద ప్రయోగశాల నడుపుతుండేవాడు. తనబె ఆయన శిష్యుడు.

డాల్ఫిన్ ఒంట్లో లెక్క

తనబె పేరు చెప్పగానే ఈ రంగంలోనివాళ్ళకు గుర్తొచ్చే అంకెల వరుస ఒకటుంది. పశ్చిమోత్తర పసిఫిక్ జలాల నుంచి, అక్కడి ప్రాణుల నుంచి సేకరించిన నమూనాలతో తత్సుకావ, తనబె బృందం 1984లో ప్రచురించిన వ్యాసంలోదది. పైపొర సముద్రపు నీటిలో పి.సి.బి. లీటరుకు 0.28 నానోగ్రాములు. పది లక్షల లీటర్ల నీరు తోడితే అందులో ఉండేది 0.28 మిల్లీగ్రాము, అంటే ఒక ఆవగింజ బరువులో ఏ పదోవంతో. కాకిరెట్ట కూడా కాదు.

ఆ నీటిలోనే తేలే జంతుప్లవకాల్లో గ్రాముకు 1.8 నానోగ్రాములు ఉంది. వాటిని తినే మిక్టోఫిడ్ అనే లోతునీటి మెరుపుచేపల్లో 48, స్క్విడ్‌లలో 68. ఈ రెంటినీ తినే చారల డాల్ఫిన్‌లో 3,700. నీటితో పోలిస్తే డాల్ఫిన్‌లో గాఢత కోటీ ముప్పై లక్షల రెట్లు. సముద్రం పలచబరిచినదాన్ని ఆహారపు గొలుసు మళ్ళీ చిక్కబరుస్తోంది.

ఎందుకిలా? ఈ పదార్థాలకు నీరంటే పడదు, కొవ్వంటే ప్రాణం. ప్లవకం ఒంట్లోని నూనె చుక్కలోకి ఎక్కితే మళ్ళీ దిగవు. చేప వెయ్యి ప్లవకాలను తింటే తిండి అరిగిపోతుంది, విషం మిగిలిపోతుంది. చలినీటిలో వెచ్చగా బతకడానికి డాల్ఫిన్ చర్మం కింద మందంగా కొవ్వుపొర ఉంటుంది. ఆ పొర ఒక గోదాము లాంటిది. పైగా డాల్ఫిన్ దీర్ఘాయువు కాబట్టి గోదాము నిండడానికి బోలెడు కాలం ఉంది.

ఇంకో కారణం కూడా ఉందని తనబె బృందం 1988లో చూపించింది. నేలమీది జంతువులు తిన్న మొక్కల్లోని విషాలను విరిచే ఎంజైములు కాలేయంలో తయారుచేసుకుంటాయి. డాల్ఫిన్ల వంటి చిన్న తిమింగల జాతుల్లో పి.సి.బి.లను విరిచే ఆ ఎంజైముల్లో ఒక తెగ దాదాపు పనిచేయదు, మరో తెగ మందకొడి. కోట్ల ఏళ్ళు సముద్రంలో ఉండిపోయినవాటికి నేల విషాల నుంచి రక్షణ అవసరం పడలేదని దీనికి ఒక వివరణ. మనిషి కొత్త విషం వదిలేనాటికి వాటి చేతిలో ఆయుధం లేదు. ఒకే సముద్రంలో, ఒకే స్థాయి కాలుష్యంలో సీలుకన్నా డాల్ఫిన్ ఎందుకు ఎక్కువ భారం మోస్తుందో ఈ ఒక్క ఫలితం చాలావరకు వివరిస్తుంది. తనబె చేసిన పనుల్లో ఇది అన్నిటికన్నా లోతైనదని నా అభిప్రాయం. మిగతావి ఎంత ఉందో చెబుతాయి, ఇది ఎందుకుందో చెబుతుంది.

తల్లిపాలలో దిగే భారం

చారల డాల్ఫిన్లలో మగవాటి వయసు పెరిగేకొద్దీ పి.సి.బి. పెరుగుతూ పోయింది. ఆడవాటిలో యుక్తవయసు దాకా పెరిగి, ఆ తర్వాత పడిపోయింది. ఆ తగ్గింది ఎటు పోయిందో వెతికితే బిడ్డలో కనిపించింది.

గర్భంలో ఉండగా మావి ద్వారా పిండానికి చేరేది తక్కువే, తల్లి భారంలో పదిశాతం లోపు. పాల దగ్గర కథ మారుతుంది. డాల్ఫిన్ పాలు మన గేదెపాల కన్నా చిక్కన, వెన్నశాతం బాగా ఎక్కువ. తల్లి కొవ్వుపొరలో ఏళ్ళతరబడి దాచుకున్నది కరిగి ఆ పాలలోకి దిగుతుంది. తల్లి ఒంట్లోని పి.సి.బి.ల్లో సుమారు 60 శాతం పాల ద్వారా బిడ్డకు వెళ్ళిపోతుందని తనబె బృందం 1980ల తొలినాళ్ళలో లెక్కకట్టింది. అందులో తొలిచూలు బిడ్డ వాటా ఎక్కువ. అవయవాలు, మెదడు, రోగనిరోధక శక్తి రూపుదిద్దుకునే నెలల్లోనే ఆ బిడ్డ తల్లి జీవితకాలపు విషాన్ని మింగుతుంది. ఆడబిడ్డ అయితే పెరిగి తన తొలిచూలుకు ఇస్తుంది. తయారీ ఆపేసిన ఎన్నో ఏళ్ళకు కూడా ఈ విషం డాల్ఫిన్లలో తగ్గకపోవడానికి ఇదొక కారణం.

ఈ నమూనాలన్నీ ఎక్కడివి అన్న ప్రశ్న పాఠకుడికి రావాలి. అప్పట్లో జపాన్ తీరంలో డాల్ఫిన్ల వేట సాగుతుండేది. ఒడ్డుకు తెచ్చినవాటి నుంచే ఈ కొవ్వు, కాలేయం, పిండాలు సేకరించారు. వేటను సమర్థించకుండానే ఒకటి ఒప్పుకోవాలి: తల్లీబిడ్డలను జతగా, వయసులవారీగా పరీక్షించే వీలు చాలా దేశాల శాస్త్రవేత్తలకు అంతగా దొరకలేదు.

వెల్లారు మొగ దగ్గర

1980ల చివర్లో తనబె బృందం బంగాళాఖాతం ఒడ్డుకు వచ్చింది. తమిళనాడులో వెల్లారు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పరంగిపేట్టై ఉంది. పాత పటాల్లో పోర్టోనోవో అన్నది దాన్నే. అణ్ణామలై విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర కేంద్రం అక్కడే ఉంది. ఆ కేంద్రం శాస్త్రవేత్తలు ఎ. రమేష్, ఎ. సుబ్రమణియన్‌లతో కలిసి నెలల తరబడి గాలి, నది నీరు, మడ్డి, చేపలు వరుసగా సేకరించారు. వాళ్ళు వెంటాడింది బి.హెచ్.సి.ని.

బి.హెచ్.సి. అంటే తెలియని తెలుగు రైతు ఆ తరంలో లేడు. పదిశాతం పొడి సంచుల్లో వచ్చేది, పొద్దున్నే మంచు ఆరకముందు గుడ్డమూటలో కట్టి వరిమీద దులిపేవారు. ఇళ్ళలో చీమలకు, నల్లులకు గమాక్సిన్ అని వాడింది దాని తమ్ముణ్ణే. దీని సరైన పేరు హెచ్.సి.హెచ్., హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్. పొడిలో పురుగును చంపే గామా రూపం వందలో పది, పదిహేను పాళ్ళకు మించదు. మిగతాదంతా ఆల్ఫా, బీటా వంటి పనికిరాని రూపాలు. రైతు డబ్బిచ్చి కొన్నదానిలో ఎక్కువ భాగం పురుగుకు పనిచేయని కాలుష్యమే. బీటా రూపమైతే మనిషి కొవ్వులో దీర్ఘకాలం తిష్ఠవేస్తుంది.

పొలంలో చల్లిన మందు వానకు కొట్టుకుపోయి నదిలోకి, నది నుంచి సముద్రంలోకి పోతుందని అందరూ అనుకునేది. 1991లో ఈ బృందం ప్రచురించిన లెక్క దాన్ని తలకిందులు చేసింది. వెల్లారు పరీవాహకంలో చల్లిన హెచ్.సి.హెచ్.లో 99.6 శాతం గాలిలోకి ఎగిరిపోయింది. నది మొగకు చేరింది 0.4 శాతం. అందులోనూ ముప్పాతిక భాగం నీటిమీంచి మళ్ళీ ఆవిరైపోగా సముద్రానికి చేరింది 0.1 శాతం మాత్రమే.

కారణం మన ఎండే. చలిదేశాల్లో నేలలో ఏళ్ళతరబడి ఉండిపోయే మందు ఇక్కడి వేడికి, మడినీటి మీంచి రోజుల్లో లేచిపోతుంది. పక్క పొలంలోనూ, పక్క చేపలోనూ అవశేషం తక్కువే దొరుకుతుంది. ఆ సంగతి చూసి ఉష్ణమండలంలో పురుగుమందులు ప్రమాదం కాదని వాదించినవాళ్ళూ లేకపోలేదు. తనబె వేసిన ప్రశ్న సూటిగా ఉంది: ఇక్కడ లేకపోతే ఎక్కడుంది?

సమాధానం 1993లో వచ్చింది. హిసాతో ఇవాతా, తనబె తదితరులు 1989–90లో ఓడల మీద ప్రపంచ సముద్రాలు తిరిగి, నీటిపై గాలినీ పైపొర నీటినీ పట్టి పరీక్షించారు. ఉష్ణమండల ఆసియా చుట్టూ గాలిలో పురుగుమందులు ఎక్కువ. నీటిలో హెచ్.సి.హెచ్. ఎక్కువున్నది మాత్రం అది చల్లిన దేశాల దగ్గర కాదు, బేరింగ్, చుక్చీ సముద్రాల్లో, ఆర్కిటిక్ గుమ్మంలో. వేడి గాలిలో లేచినది చలిచోట కిందికి దిగి చల్లటి నీటిలో కరుగుతోంది. వరిపైరు అన్నది ఎన్నడూ ఎరుగని చోట తిమింగలాలు, సీళ్ళు, వాటిని తిని బతికే వేటగాళ్ళు ఆసియా పొడిని ఒంటికెక్కించుకున్నారు. కృష్ణా, గోదావరి డెల్టాల వరిమీదా అదే పొడి పడింది, అదే ఎండ కాసింది. ఆ గాలికి తమిళనాడు, ఆంధ్ర అన్న సరిహద్దు లేదు.

భారతదేశం బి.హెచ్.సి.ని 1997లో నిషేధించింది. జపాన్ 1971లోనే మానేసింది. ఈ తేడాను ఎత్తిచూపడం తేలికే గాని, వాడిన అవసరాలూ మానగలిగిన స్తోమతా రెండుచోట్లా ఒకటి కాదు.

ఇదే కాలంలో బంగాళాఖాతం డాల్ఫిన్లను పరీక్షిస్తే డి.డి.టి. అవశేషాలే ముందు వరుసలో కనిపించాయి. గంగానది డాల్ఫిన్ల మీద కూడా పాట్నాకు చెందిన ఆర్.కె. సిన్హాతో కలిసి ఎహిమె బృందం పనిచేసింది. ఆ బృందంలోని కురుంతాచలం కన్నన్ తమిళనాడు నుంచి వెళ్ళి ఎహిమెలోనే డాక్టరేట్ చేసినవాడు. 2001లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గీసీతో కలిసి, నీరంటని పూతలలో వాడే పి.ఎఫ్.ఓ.ఎస్. అనే ఫ్లోరిన్ పదార్థం ధ్రువపు ఎలుగుల దాకా ప్రపంచమంతటా జంతువుల్లో ఉందని చూపి కొత్త అధ్యాయం తెరిచింది ఆయనే. తనబె శిష్యపరంపరలో దక్షిణ భారతీయులు చాలామంది ఉన్నారు. వెల్లారు మొగ దగ్గర సీసాలు పట్టుకుని నిలబడ్డ ఆ రోజులకు అదొక ఫలం.

మిగిలిన పి.సి.బి. ఎంత?

1988లో తనబె ప్రపంచ పి.సి.బి. జమాఖర్చు రాశారు. అప్పటిదాకా తయారైంది 12 లక్షల టన్నులు. అందులో నాశనమైంది నాలుగు శాతం. ప్రకృతిలోకి చేరిపోయింది 31 శాతం, అందులోనూ సగానికి పైగా నడిసముద్రపు నీటిలో. మిగతా 65 శాతం ఇంకా పాత యంత్రాల్లోనో, గోదాముల్లోనో, పూడ్చిన గోతుల్లోనో నేలమీదే ఉంది. అసలు ప్రమాదం ముందుందని ఆయన హెచ్చరిక. కారిపోయింది మూడోవంతైతే, కారడానికి సిద్ధంగా ఉన్నది మూడింట రెండొంతులు. ఈ అంచనాలు కొన్నిటిని తర్వాతివాళ్ళు సవరించారు. హెచ్చరిక మాత్రం నిలబడింది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలోని ఓర్కా (కిల్లర్ వేల్) గుంపుల్లో సగానికి పైగావాటికి పి.సి.బి.ల వల్ల దీర్ఘకాలంలో మనుగడ కష్టమవుతుందని లెక్కకట్టింది.

సామూహిక మరణాల దగ్గర ఈ పరిశోధన కాస్త తడబడే నేల మీద నడిచింది. 1987–88లో బైకాల్ సీళ్ళు, 1990 నుంచి మధ్యధరా చారల డాల్ఫిన్లు వేలల్లో చనిపోయాయి. చంపింది కుక్కల డిస్టెంపర్ కుటుంబానికి చెందిన వైరస్. తనబె బృందం ఆ కళేబరాల్లో పి.సి.బి., డి.డి.టి. భారీగా ఉన్నట్టు చూపింది. విషం రోగనిరోధక శక్తిని కుంగదీయడం వల్లే వైరస్ అంతగా చెలరేగిందా? జబ్బుపడి చిక్కిన జంతువులో కొవ్వు తగ్గి విషం చిక్కబడినట్టు కనిపిస్తుందా? కళేబరాన్ని చూసి ఈ రెంటినీ విడదీయడం కష్టం. అనుమానం బలమైనదే గాని నేరం రుజువైందని రాయడం తొందరపాటు.

ఆల్చిప్పలు, చలిగది

డాల్ఫిన్ ఊళ్ళు తిరిగే జంతువు. ఏ తీరం ఎంత మురికిగా ఉందో తెలియాలంటే కదలని సాక్షి కావాలి. రాతిని పట్టుకుని జీవితమంతా నీటిని వడగట్టుకునే మస్సెల్ అనే ఆల్చిప్ప ఆ పనికి సరిపోతుందని 1975లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ సూచించాడు. 1990లలో తనబె ఆ పద్ధతిని ఆసియాకు తెచ్చి భారత్, వియత్నాం, చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, రష్యా తూర్పుతీరం వంటి చోట్ల ఒకే పద్ధతిలో ఆల్చిప్పలు పరీక్షించే ఏర్పాటు చేశారు. జపాన్, రష్యా తీరాల్లో పి.సి.బి., చైనా, వియత్నాంలలో డి.డి.టి., భారత్‌లో హెచ్.సి.హెచ్. ముందుకొచ్చాయి. ఒక్కో దేశం తన అలవాటును తన ఆల్చిప్పలో దాచుకుంది. ఓడల అడుగున నాచు పట్టకుండా పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు కూడా ఈ వలలోనే పడింది. అంతర్జాతీయ ఒప్పందం కింద దానిపై నిషేధం 2008లో అమలుకొచ్చింది.

ఎహిమెలో ఇంకో ఆస్తి ఉంది. 1960ల నుంచి సేకరించిన లక్షకు పైగా నమూనాలను గడ్డకట్టించి భద్రపరిచిన నిల్వశాల అది, పేరు ఈఎస్-బ్యాంక్. కొత్త విషం పేరు వినిపించినప్పుడు పాత కొవ్వుముక్క తీసి పరీక్షించవచ్చు. టీవీలు, పరుపులు మంటలంటుకోకుండా కలిపే బ్రోమిన్ మందులు ఎప్పటినుంచి సముద్రంలో ఉన్నాయో అలాగే తెలిసింది. 1972 నుంచి 1998 వరకు దాచిన ఉత్తరపు ఫర్ సీళ్ళ కొవ్వును 2004లో పరీక్షిస్తే ఆ మందులు 1972లో అతితక్కువ, 1990ల మొదట్లో శిఖరం, ఆ తర్వాత తగ్గుముఖం. 1972లో ఆ సీలును కోసినవాడికి ఆ మందు పేరు తెలిసి ఉండదు. అయినా ముక్క దాచాడు. మన తీరంలో అటువంటి నిల్వశాల ఒకటి ఉంటే కాకినాడ, విశాఖ చేపల ముప్పై ఏళ్ళ చరిత్ర ఇవాళ చదువుకునేవాళ్ళం.

2000 తర్వాత తనబె దృష్టి చెత్తకుప్పల మీదికి మళ్ళింది. చెన్నైలోని పెరుంగుడి వంటి బహిరంగ చెత్తకుప్పలు, కంబోడియా, వియత్నాం, ఫిలిప్పీన్స్ కుప్పలు అప్పట్లో ఎప్పుడూ మండుతూనే ఉండేవి. అటువంటి మంటల్లో డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అక్కడి మట్టిలోనూ, దగ్గర నివసించే తల్లుల పాలలోనూ ఈ విషాలను ఆయన బృందం కొలిచింది. డాల్ఫిన్ పాలతో మొదలుపెట్టిన మనిషి పాతికేళ్ళకు మనుషుల పాల దగ్గరికి వచ్చాడు. తల్లిపాలు మానమని మాత్రం ఈ ఫలితాలను చూసి ఎవరూ అనుకోకూడదు. శిశువుకు వాటివల్ల కలిగే మేలే ఎక్కువని వైద్యుల ఏకాభిప్రాయం.

పి.సి.బి., డి.డి.టి., డయాక్సిన్లతో కలిపి పన్నెండు విషాలతో మొదలైన స్టాక్‌హోం ఒప్పందం 2001లో కుదిరి 2004లో అమలుకొచ్చింది. భారతదేశం 2006లో చేరింది. దాని ప్రకారం పి.సి.బి. ఉన్న పరికరాల వాడకం 2025కల్లా ఆగాలి, మిగిలిన నిల్వలన్నిటినీ 2028కల్లా హాని లేకుండా వదిలించుకోవాలి. తనబె 1988లో నేలమీద మిగిలి ఉందని చెప్పిన సరుకుకు పెట్టిన గడువు అది.